‘నా ఇష్టం’కు జర్మన్ మాట

అక్టోబరు 14, మంగళవారం, జర్మనీలోని ఎర్లాంగెన్. హాజరైనవారు: ఒక కళాకేంద్రం ఎంపిక సంఘం అధ్యక్షురాలు, మరో సభ్యుడు, నమోదు రాసే గుమాస్తా, చిత్రకారిణి యశోద, ఆమె భర్త నరేశ్, దుబాసీగా నేను.

బ్లూకార్డు అనే పని వీసా మీద ఉద్యోగాలతో మనవాళ్లు బిలబిలమంటూ దిగుతున్న రోజులవి. నరేశ్ అలా వచ్చిన ఇంజనీరే. యశోదది చేర్యాల నకాషీ బొమ్మల పని. ఇంట్లో భోజనాల బల్ల మీద పటం పరిస్తే అందరూ నేలమీద కూర్చుని తినాల్సిందే. కేంద్రంలో ఏడాదిపాటు ఇచ్చే పనిగది ఒక్కటే ఖాళీ. దానికే ఈ ఇంటర్వ్యూ.

మాట్లాడేవారు ‘నేను’ అంటే దుబాసీ కూడా ‘నేను’ అనే చెప్పాలి. సొంతమాట చెప్పాల్సివస్తే ‘దుబాసీ మనవి’ అని మొదలుపెట్టాలి. అది నమోదులోకి ఎక్కుతుంది. దుబాసీగా కోర్టులో ప్రమాణం చేసి అప్పటికి ఇరవై రెండేళ్లయినా నా తప్పు ఒక్కటీ అలా ఎక్కలేదు.

అధ్యక్షురాలు ఒక ఫ్రెంచి రచయిత వ్యాసం ప్రస్తావించారు. కళాకారుడిని ఎవరూ శాసించకూడదు, అతనూ తోటి మనుషులకు దూరంగా కూర్చోకూడదు అన్నది ఆయన వాదన. మీ సంప్రదాయంలో పటం వెనకరంగు ఎప్పుడూ ఎరుపే, కథ పాతది, మరి మీ స్వేచ్ఛ ఎక్కడ అని అడిగారు.

యశోద పటం విప్పింది. “మా మెట్లు తుడిచే అక్కను దేవతంత ఎత్తుల పెట్టిన. పెట్టుమని ఎవ్వలు చెప్పలే. వద్దన్నా తియ్య. నా ఇష్టం.”

చివరి మాటకు నేను ‘లౌనె’ అన్నాను. అంటే ఆ పూటకు పుట్టిన సరదా. అధ్యక్షురాలు కలం కింద పెట్టి, సరదాకైతే ఏడాది గది ఎందుకన్నారు.

నేను అనువదించేలోపే యశోద అందుకుంది. “సార్, మీరేం చెప్పిన్రు? ఆమె మొకం గట్ల మాడిందేంది?”

“ఊకో, అంకుల్ సంభాళిస్తరు,” అని నరేశ్ గొణిగాడు.

“ఏం సంభాళిస్తరు? గది పోయేది నాది!”

‘దుబాసీ మనవి’ అన్నాను. గుమాస్తా తలెత్తింది. నేను వాడిన మాట తప్పనీ, ఆమె చెప్పింది సరదా కాదు, తన నిర్ణయమనీ సవరించాను.

అధ్యక్షురాలు కలం మళ్లీ తీసుకున్నారు. మెట్లు తుడిచే ఆమె బొమ్మ చూసిందా అని అడిగారు.

“సూశింది. ముక్కు పెద్దగైందన్నది.”

మరి మార్చారా?

“అద్దం తెచ్చి సూపిచ్చిన. ఇగ ఏమనలే.”

ఈసారి అనువాదానికి ఇబ్బంది రాలేదు. అందరూ నవ్వారు.

మర్నాడు ఉదయం నమోదు ప్రతి సంతకానికి వచ్చింది. నా తప్పు, దాని సవరణ పక్కపక్కనే ఉన్నాయి. సంతకం చేశాను. కాసేపటికి నరేశ్ ఫోన్ చేసి, గది యశోదకే వచ్చిందనీ, తాళంచెవి తీసుకోవడానికి టెర్మిన్, అంటే రమ్మన్న తేదీ, కూడా దొరికిందనీ చెప్పాడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరు ‘నా ఇష్టం’ అన్నా, సరదాగా అన్నారో నిర్ణయంగా అన్నారో అడిగి తెలుసుకున్నాకే జర్మన్‌లో చెప్పాను.