మగ నర్సు కావలెను

నా మనవడు నర్సింగులో చేరతానన్న రోజు మా చాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల లైనింట్లో ఎవరికీ అన్నం దిగలేదు.

"మగబిడ్డ సిస్టరవుతాడా? రేపు నేను బజార్లో మొగం యాడ పెట్టుకోవల్ల నాయనా?" అని నా కొడుకు పళ్ళెం తోసేశాడు.

నాకు ఒళ్ళు మండింది. పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చినవాణ్ణి నేను. వీడు డిగ్రీ చదివినవాడు. గనిలో ఒకరి దెబ్బలకు ఒకరం కట్లు కట్టుకున్నాం. అందుకోసం ఎవరూ మీసం తీసి పక్కన పెట్టలేదు. అదీ పోనీ. మా ముసలామె మంచాన పడ్డప్పుడు పక్కకు తిప్పి, ఒళ్ళు తుడిచి, వీపు పుండ్లు పడకుండా చూసింది ఈ మనవడే. ఆమె కన్న కొడుకు మాత్రం గుమ్మంలో నిలబడి "బాగుండావా అమ్మా" అని అరిచి వెళ్ళిపోయేవాడు. ఆ మాటే అన్నాను.

"అది వేరే, ఇది వేరేప్పా" అన్నాడు. ఏది వేరో చెప్పలేదు.

గౌనిపల్లి నుంచి మామిడికాయలతో వచ్చిన మా చెల్లెలు ఇంకాస్త ఎగదోసింది.

"ఏమన్నా, వాన్ని గూడా సిస్టరనే పిలవల్లనా?"

"బ్రదరంటారమ్మా."

"ఇంగ రేపు పెండ్లామొచ్చి ఏమని పిలస్తాది?" అని పడీ పడీ నవ్వింది.

శనివారంలోగా చేరకపోతే సీటు పోతుంది. మనవడు అరవలేదు, ఏడవలేదు, మాట్లాడటం మానేశాడు. అందుకే నాకు భయం వేసింది.

ఇంతలో దేవుడు నా కొడుక్కి ఒక సెగగడ్డ ఇచ్చాడు. ఎక్కడంటే, కూర్చునే చోట. రెండు రోజులు నిలబడే తిన్నాడు. గురువారం నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆటో సీటు మీద మోకాళ్ళూని, వెనక్కి తిరిగి ప్రయాణం చేశాడు. దారిలో కనబడిన ప్రతివాడికీ నేను నమస్కారం పెడుతూ పోయాను.

డాక్టరు "కోయాలి, సిద్ధం చేయండి" అని పక్క గదికి వెళ్ళాడు. చిన్న వయసు సిస్టరు ట్రేతో వచ్చి, "ప్యాంటు దించండి అంకుల్" అంది.

మావాడు రెండు చేతులతో బెల్టు పట్టుకున్నాడు. "మగోళ్ళెవరూ లేరా తల్లీ?"

"ఉండేది ఒక్క బ్రదరు. ఆయన లీవులో ఉండాడు."

"మగోళ్ళు యాడ దొరకతారమ్మా? ఈ పని చదవతామంటే వాళ్ళ నాయనలు పంపియ్యరు" అన్నాను నేను.

"ఎవురు తాతా అట్లాంటి నాయన?"

నేను బెల్టు వైపు చూపించాను. ఆమె నవ్వుకు ట్రేలో కత్తెర గలగలమంది. "అట్లయితే నా చేతికే పడినాడు. బెల్టు వదలమను తాతా!"

వదిలాడు. బోర్లా పడుకున్నాడు. సూది దిగినప్పుడు ఒక కేక వేశాడు. కాసేపటికి దిండులోంచి మాట వచ్చింది.

"నాయనా, ఆ కాలేజీ యాడుండాది?"

"కోలారులో."

"శనివారం నేను బస్సులో కూర్చోలేను. నువ్వే పోయి వాన్ని చేర్పించి రా. గడ్డ యాడ లేచిందో మాత్రం ఎవురికీ చెప్పద్దు."

చెప్పలేదు. రాస్తున్నాను.