ఫోకస్ లేని పిట్టలు

పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో అందరూ ఆమెను భూతద్దం అనేవారు. మొహం మీదే అనేవారు, ఆమెకూ అది పొగడ్తలాగే వినబడేది. ఫ్రేములో అద్దం వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒప్పుకునేది కాదు మరి. ఇంటికొచ్చాక మాత్రం ఆ బుద్ధి ఊరుకుంటుందా? పిట్టల ఫోటోలు పెట్టుకునే ఒక ఆన్‌లైన్ గ్యాలరీలో జీతం భత్యం లేని కాపలా పని నెత్తినేసుకుంది. సభ్యులు పంపేవాటిలో మసక ఫోటోలనూ, ఎవరివో దొంగిలించి తెచ్చినవాటినీ ఏరి పారేయడం ఆ పని. కాపలా కాసేదెవరో సభ్యులకు తెలియకూడదని నియమం. తిప్పి పంపిన ప్రతి ఫోటోతోనూ ఒకే మాట వెళ్ళేది: "ఈసారి జాగ్రత్తగా చూసి పంపండి." ఆ మాట రాసిందీ ఆమే.

ఆ సభ్యుల్లో ఆమె అన్నయ్య కూడా ఉన్నాడు. గడియారాలు బాగుచేసేవాడు. వదిన పోయాక తన దుకాణం వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. సెలవు దొరికితే చాలు, కెమెరా మెళ్ళో వేసుకుని కాలవ గట్టున తేలేవాడు. ఆయన లెన్సు పాతది, చేత్తో తిప్పుకుంటే తప్ప ఫోకస్ కుదరదు. దానంతటదే ఫోకస్ చేసుకునే కొత్తది కొనుక్కోమంటే, "నోట్లో ముద్ద కూడా ఇంకొకడే పెట్టాలా నాకు?" అనేవాడు. కెమెరా లోపల ఎప్పుడో దుమ్ము చేరి, ఆయన తీసిన ప్రతి ఫోటోలో ఎడమ పైమూల చిన్న మచ్చ పడేది. తుడిపించుకోమన్నా వినేవాడు కాదు. ఆ మచ్చ ఉంటే చాలు, పేరు చూడకుండానే అది అన్నయ్య ఫోటో అని ఆమెకు తెలిసిపోయేది. పిట్ట రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు, అంత నిఖార్సైనవి.

అలాంటివాడి ఫోటోలు మసకబారసాగాయి. కొమ్మ తేటగా పడేది, దాని మీది పిట్ట పొగలా ఉండేది. ఆమె మనసు చివుక్కుమంది, ఆ వెంటనే కోపమూ వచ్చింది. అన్నయ్యవి కదా అని చూసీ చూడనట్టు వదిలేస్తే, రేపు ఇంకొకడికి ఏ మొహం పెట్టుకుని చెప్పడం? తిప్పి పంపేసింది. తర్వాతి వారం వచ్చినవీ అంతే, ఆ పై వారం వచ్చినవీ అంతే. బద్ధకం పెరిగిందనుకుంది. నియమాలన్నీ గుర్తున్న మహాతల్లికి అన్నకు వయసు మీద పడుతోందన్న సంగతి మాత్రం గుర్తు రాలేదు. తమ దుకాణంలో ఉచితంగా కళ్ళు చూస్తున్నారని ఒకసారి మామూలుగా ఫోనులో చెబితే, "నావి గద్ద కళ్ళే, ముందు మీ ఓనరువి చూడండి," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒకరోజు ఆయన దగ్గర్నుంచి లకుముకిపిట్ట వచ్చింది. ముక్కున చేపతో నీళ్ళలోంచి లేస్తోంది, చుట్టూ ఎగిరిన నీటి చుక్క చుక్కా కనబడుతోంది. ఆమె ఆనందంతో కుర్చీలోంచి లేచిపోయింది. అలవాటు కొద్దీ చూపు ఎడమ పైమూలకు వెళ్ళింది. మచ్చ లేదు. వెతికితే, అదే ఫోటో వేరే చోట వేరే ఎవరి పేరు మీదో దొరికింది. ఒళ్ళు మండిపోయింది. ఫోటో తీసేసింది, ఆయన సభ్యత్వమూ తీసేసింది, చెప్పులేసుకుని నేరుగా అన్నయ్య దుకాణానికి వెళ్ళింది.

"దొంగతనమా అన్నయ్యా? ఈ వయసులో నీకిదేం బుద్ధి?" గుమ్మంలోంచే అరిచింది.

ఆయన తలెత్తాడు. చూపు ఆమె మీద కాక పక్కనున్న తలుపు మీద ఆగింది.

"నువ్వా? నీకెవరు చెప్పారే?"

"అదంతా తర్వాత. ఎందుకు చేశావు?"

"నావన్నీ వెనక్కి కొడుతున్నారు. నాకేమో అన్నీ ఒక్కలాగే కనబడుతున్నాయి. ఏది బాగుందో తెలిస్తే కదా పంపడానికి! పదిమంది మెచ్చుకున్నదైతే బాగానే ఉంటుంది కదా అని... కళ్ళు పోతున్నాయని తెలిస్తే గడియారం ఎవడిస్తాడే నాకు?"

అప్పుడు చూసింది ఆమె బల్ల వైపు. విప్పి వదిలేసిన గడియారాల మీద దుమ్ము పేరుకుని ఉంది.

షుగరు కంటి వెనక పొరను తినేసిందన్నాడు డాక్టరు. మసక మొదలైనప్పుడే వచ్చుంటే చాలావరకు కాపాడేవాళ్ళమన్నాడు. ఎప్పుడు మొదలైందంటే అన్నయ్య చెప్పలేకపోయాడు. ఆమె చెప్పగలదు. ఆయన చూపు ఎంత తగ్గిందో వారం వారం ఆమె ముందుకే వచ్చింది, ఆమే తిప్పి పంపింది. దీపం కింద చీకటంటే ఇదేనని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

ఇప్పుడు సాయంత్రాలు ఆయన గదిలో కూర్చుని, తిప్పి పంపిన ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి వర్ణించి చెబుతోంది. ఆయనకు వెలుతురు తప్ప ఏమీ తెలియడం లేదు.

"పైమూల మచ్చ ఉందా?"

"ఉందన్నయ్యా."

"అయితే నాదే."

ఇక ఆమె వల్ల కాలేదు. "వాటిని వెనక్కి పంపింది నేనే అన్నయ్యా. జాగ్రత్తగా చూసి పంపమని రాసిందీ నేనే. ప్రతిసారీ నేనే."

ఆయన తడుముకుంటూ ఆమె చెయ్యి దొరికించుకున్నాడు.

"జాగ్రత్తగానే చూశానే," అన్నాడు. "ఒట్టు."