రాణి పాదాల దగ్గర కుంకుమ

దోహాలో ఒక ప్రదర్శన కోసం కంబోడియా పాత గుళ్ల శిల్పాలు వచ్చాయి. వాటిని ఉంచిన గోడౌన్‌లో నాకు కాపలా డ్యూటీ పడింది. అందులో ఒక రాతి అమ్మవారికి దీపం లేదు, ధూపం లేదు. మనసొప్పక, రోజూ డ్యూటీ ఎక్కగానే పాదాల దగ్గర కాస్త కుంకుమ పెట్టేవాణ్ణి.

మధ్యాహ్నానికి అది మాయమయ్యేది! ఆ దేశం నుంచే వచ్చిన ఒకావిడ చిన్న పెట్టెతో ఆ విగ్రహం దగ్గరే గంటల తరబడి కూర్చునేది. నేను వెళ్తే పెట్టె మూసేసేది. రాయి గీకి పట్టుకుపోతోందని నాకు గట్టి అనుమానం. ఒకరోజు నేను కుంకుమ పెట్టిన కాసేపటికే వచ్చింది. పెట్టె లాక్కుని కేకలు వేశాను.

మా సూపర్‌వైజర్ యూసుఫ్ భాయ్‌ది నిజామాబాద్. పరుగున వచ్చి, ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడి నావైపు తిరిగాడు.

“గామె దొంగ కాదు రాజన్నా, పాత శిల్పాలు కాపాడేటామె. ఇది దేవత కాదంట, వాళ్ల రాణి. కాళ్లకాడ పేరు చెక్కి ఉన్నదంట. ఎవడో దినాం ఎర్రరంగు పూసి అక్షరాలు పూడుస్తున్నడట. నీకు ఎవరి మీదన్న అనుమానమున్నదా?”

పెట్టె కింద పెట్టేశాను. తెల్లటి మూత మీద నా ఉంగరం వేలి ముద్ర ఎర్రగా పడి ఉంది. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది. పెట్టె తెరిచి ఒక దూది ఉండ నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఎవరినైనా అనుమానించే ముందు నా వేళ్లు చూసుకుంటున్నాను.