వెనుక బెంచీ జహంగీరన్న

మొన్న మంగళవారం పాఠం చెబుతుండగా అటెండరు గుమ్మంలో నిలబడి, "సార్, జహంగీరన్న పోయిండట. కామెర్లు ముదిరినయట" అన్నాడు. చేతిలోని సుద్దముక్క ఎక్కడ పెట్టానో తెలియదు. నలభై అయిదేళ్లయినా నిండని నా సహాధ్యాయి, నన్ను చదువులో నిలిపిన మహోపకారి ఇక లేడంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఎనభైల చివర గోదావరిఖనిలో మా ఎం.ఏ. సాయంత్రం తరగతి ఓ చిన్న సంత. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు, హిందీవాళ్లు, ఉర్దూ ఇళ్లవాళ్లు, నాలాంటి బొగ్గుబావి కార్మికుల కొడుకులు. ఎవరి గుంపు వారిదే. జహంగీరన్న బావిలో మొదటి షిఫ్టు ముగించి, ఎంత తోముకున్నా కనురెప్పల అంచున బొగ్గు మిగిలిన ముఖంతో వచ్చి, సరిగ్గా నా వెనుక కూర్చునేవాడు. అప్పుడప్పుడు గురక కూడా పెట్టేవాడు. మాస్టారు లేపితే మాత్రం ఆయన చెప్పిన చివరి వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు!

నా మొదటి సెమినారులో మా ఇంటి తెలుగే మాట్లాడాను. తరగతంతా నవ్వింది. సగంలో ఆపి బయటికి నడిచాను, ఇక రాకూడదనుకున్నాను. జహంగీరన్న వెనకాలే వచ్చాడు.

"ఏంది తమ్మీ, గింతదానికే పోతవా? రేపు నా సెమినారుంది. నాకోసం వచ్చి కూసో. తర్వాత నీ ఇష్టం."

నిజానికి మర్నాడు ఆయన వంతు కాదు. మాస్టారిని బతిమాలి ముందుకు జరుపుకున్నాడట. గ్రాంథికం అలవోకగా రాయగల ఆ విద్వాంసుడు, ఉర్దూ కలిసిన ఇంటి మాటల్లోనే బావి పని గురించి ప్రసంగించాడు. మళ్లీ నవ్వారు. ఆయనా నవ్వాడు.

"నవ్వుండ్రి, ఫికర్ లేదు. గాని సమజ్ కానిది అడుగుండ్రి."

కోస్తా అమ్మాయి సుజాత మొహమాటంగా చెయ్యెత్తింది. "కొత్తగా బావిలో దిగేవాళ్లకు భయం వెయ్యదాండీ?"

"మా తమ్మి చెప్తడు" అని నన్ను లేపాడు.

మా నాయన చెప్పింది గుర్తుచేసుకుని చెప్పాను. "కొత్తోన్ని ముందట నడిపిస్తరు. పాతోడు దీపం చూపెట్టుకుంట ఎనుక నడుస్తడు. జారితే పట్టుకుంటడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను చదువు మానలేదు. ఆనాటి నుంచి తరగతిలో జహంగీరన్న శాసనం ఒకటే: "ఇంట్ల ఒక్కతీరు మాట్లాడెటోళ్లు పక్కపక్కన కూసోవద్దు." సుజాత నా వ్యాసాలు దిద్దింది. ఆమె రాసిన బొగ్గుబావుల సమ్మె వ్యాసానికి మా నాయనే గురువు. ఎం.ఏ. పట్టా చేతికొచ్చినా అన్న బావి పని వదలలేదు, నేను అధ్యాపకుణ్ణయ్యాను.

మొన్న జనాజా పాడె లేచినప్పుడు ఆయన తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వు సుత భుజం పట్టు. ముందటనా, ఎనుకనా?" అన్నాడు.

"వెనుక" అన్నాను.

ఆ పుణ్యమూర్తికి నేను అర్పించగలిగిన అంజలి అంతే. దారి పొడుగునా ఆయన ముందు, నేను వెనుక. ఖననం ముగించి ఒక్కణ్ణే తిరిగి వస్తుంటే, నా వెనుక ఇక ఎవరూ లేరని తెలిసి ఏడ్చాను.