పసుపు గోడకు సున్నం

మొన్న వంటింట్లో పసుపు పొట్లం విప్పగానే నా చెయ్యి దానంతటదే కొంగును ముక్కుకు అడ్డం పెట్టేసింది. దుకాణంలో కొన్న ఈ పొడికి పాపం అంత ఘాటేమీ లేదు. పసుపు పట్టే మర, అదే గిర్ని, దాని గోడ పక్కన పెరిగినదాన్ని, ఏం చేయను!

మూసీకి అవతల అఫ్జల్‌గంజ్, ఇవతల పాతబస్తీలో మా సందు. డెబ్బయ్యవ దశకం మొదట్లో, ఎండాకాలం వస్తే మా వాకిట్లో నులక మంచాల నిండా మామిడి ఒరుగులు ఎండుతుండేవి, జామచెట్టు నీడన మేము గచ్చకాయలు ఆడుతుండేవాళ్లం, నానమ్మ మమ్మల్నీ కాకుల్నీ ఒకే కట్టెతో అదిలిస్తుండేది. పక్కిల్లు కొన్న మసాలాల సేటు మా ఉమ్మడి గోడకు ఆనించి పసుపు గిర్ని పెట్టాక, ఒరుగులు, ఉతికిన బట్టలు, కుండలో నీళ్లు, చివరికి మా కనురెప్పలు కూడా పచ్చబడ్డాయి. బడికి పోతే "పెండ్లిపిల్లలొచ్చిండ్రు" అని ఏడిపించేవాళ్లు.

మేం నవ్వుకునేవాళ్లం గానీ అమ్మకు దమ్ము రోగం ఉండేది. గిర్ని మొదలైతే చాలు, మంచం కోడు పట్టుకుని గాలి కోసం కొట్టుకునేది. ఇక్కడే ఉంటే బతకదని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట సేటు చెవిన పడింది.

"ఇల్లు నాకు అమ్ముండ్రి భాయ్. నా జాగల నా గిర్ని, లైసెన్సున్నది" అన్నాడు వచ్చి.

ఎవరికీ ఎదురు చెప్పని బాపు తలూపబోయాడు. ఇల్లు నానమ్మది. ఆమె లేచి నిలబడింది.

"నీ జాగల నువ్వేమన్న చేస్కో సేటూ. నీ పొడి మా జాగలకెందుకొస్తున్నది? దాన్ని ఆడ్నే ఆపు."

తర్వాత నానమ్మ కేసు వేస్తే మా వకీలు కోర్టులో గంటసేపు ఇంగ్లీషులో చెప్పింది కూడా ఇంతే, ఇంతకు మించి ఒక్క ముక్క లేదు.

పొడి గోడ దాటదని సేటు వాదించాడు. చూసి రమ్మని జడ్జి ఒక కమిషనర్‌ను పంపాడు. ఆయన వచ్చే రోజు పొద్దున సేటు గిర్ని బంద్ పెట్టించాడు. తెల్లవారగానే సేటు మనుషులు సున్నం బకెట్లతో మా వాకిట్లోకి దిగారు, మా వైపు గోడకు కూడా సున్నం కొట్టమన్నాడట మహానుభావుడు. అమ్మ ఆపబోయింది. నానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కొట్టనీ బిడ్డా. ఓ నాయనా, మంచిగ కొట్టుండ్రి, పైనుంచి కిందిదాక!"

కుంచె పడినచోటల్లా గోడ ఎర్రబడింది. బిత్తరపోయి రెండో పూత వేశారు, ఇంకా ఎర్రబడింది. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో దిష్టి తీసే ఏ ఆడదానికైనా తెలుసు. జన్మంతా పసుపు అమ్మిన సేటుకు తెలియదు, ఆ దిష్టి పళ్లెం ఏనాడైనా కలిపితే కదా!

కమిషనర్ వచ్చేసరికి గోడ ఇంకా తడారలేదు.

"ఇదేందమ్మా, గిట్లున్నది?" అన్నాడు.

నానమ్మ పళ్లెంలో పసుపు నీళ్లు తెచ్చి, ఆయన కళ్ల ముందే చిటికెడు సున్నం వేసింది. నీళ్లు ఎర్రగా మారాయి.

"గోడ మాది సారూ. సున్నం సేటుది. పసుపు ఎవలదో మీరే రాసుకోండ్రి."

ఆ గోడ పక్కన గిర్ని నడపొద్దని కోర్టు చెప్పింది. యంత్రం లారీ ఎక్కిన రోజు వాకిట్లో అమ్మ వెల్లకిలా పడుకుని పొద్దుగూకేదాకా నిద్రపోయింది. ఆమెకు అంత నిద్ర పట్టగా నేను ఎప్పుడూ చూడలేదు, నాకు ఏడుపొచ్చింది.

రోడ్డు వెడల్పులో ఆ గోడా జామచెట్టూ పోయాయి, అమ్మా నానమ్మా పోయారు. నేనిప్పుడు సంతోష్‌నగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాను. కింది హోటల్ పొగగొట్టం సరిగ్గా నా వంటింటి కిటికీలోకి తెరుచుకుంటుంది. "కొంచెం అడ్జస్ట్ కండి ఆంటీ" అంటున్నారు అందరూ.

పసుపు పొట్లం మూసి, కాగితం తీసి మున్సిపాలిటీకి అర్జీ రాశాను. వాళ్ల హోటల్లో వాళ్లేమైనా వండుకోనీ, ఆ పొగ నా ఇంట్లోకెందుకొస్తున్నది? నానమ్మకు సంతకం రాదు, అప్పుడు కోర్టు కాగితం మీద బొటనవేలు ఒత్తింది. నేను సంతకం పెట్టాను, పక్కనే పసుపంటిన నా బొటనవేలు కూడా గట్టిగా ఒత్తాను.