ఎర్ర గుట్ట మీద పట్ట

నరసరావుపేట నుంచి నలుగురు స్నేహితులం కారులో వెళ్ళి, పడమటి కనుమల అడవులు దాటి సముద్రం చూసి వచ్చాం. ఇప్పటికీ మేం కలిస్తే చెప్పుకునేది మాత్రం ఘాట్ రోడ్డులో కనిపించిన ఒక లారీ డ్రైవరు గురించే.

అక్కడ ఒక టీ కొట్టు దగ్గర ఆగి టీ తాగుతుంటే ఉన్నట్టుండి వాన దిగింది. కొట్టుకు ఎదురుగా రోడ్డు పక్కన ఎర్రటి గుట్ట ఒకటి తడిసిపోతోంది. నలుగురం ఒక్కసారే లేచాం. గ్లాసులు వదిలేసి, కారు మీద మా బ్యాగులకు కప్పిన పట్ట లాగి, తలా ఒక మూల పట్టుకుని గుట్టను కప్పేశాం. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు కూడా పెట్టాం. కొట్లో వాళ్ళంతా ఒకటే నవ్వు.

"అయ్యి వక్కల తొక్కలబ్బాయ్, పారబోసినయ్యి," అని వెనక నుంచి తెలుగు వినపడింది. చూస్తే యాభై దాటిన లారీ డ్రైవరు. "పల్నాడోళ్ళేనా?"

"ఎట్టా కనుక్కున్నావ్ బాబాయ్?"

"వానొస్తే ఎవురైనా లోపలికి ఉరుకుతారు. మిరపకాయలు ఎండబోసుకునేవోళ్ళే బయటికి ఉరికేది."

"మరి నీదే ఊరు?"

"మన పల్నాడే, వెల్దుర్తి" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

అప్పుడు చూశాను. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. చంకలో తన లారీ పట్ట ఉంది.