స్టెప్నీని పాతిపెట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు భయం తెలియదని చెప్పుకోవడం ఇష్టమేగానీ, నిజానికి తెలియనిది భయం కాదు, నోరు మూసుకోవడం. తొండియార్‌పేటలో మా ఇంటి ఆడపిల్లలు స్కూటీతో ఆగిపోయేవారు. నేను ఉద్యోగంలో చేరగానే పాత జీపు కొని, ముందు బంపరుకు వించ్ బిగించుకున్నాను. (కూరుకుపోయిన బండ్లను ఉక్కుతాడుతో లాగే మోటారు అది.) "నీళ్ళు చేదుకోను బావి యాడుండాదే మనకి?" అని మా చిన్నాయన వీధంతా వినేట్టు అడిగాడు.

ఆదివారాలు ఇసుకలో, బురదలో జీపులు తోలే గుంపొకటి ఉంటే చేరాను. దాని నాయకుణ్ణి అందరూ కమాండర్ అనేవారు. విజయవాడ నుంచి వచ్చిన ఐటీ మనిషి; నల్లకళ్ళద్దాలు స్నానానికైనా తీసేవాడో లేదో. నా వించ్‌ను చూసి, "అలంకారానికి బానే ఉందమ్మా. టిఫిన్ల బండి నీదే, వెనకాల నెమ్మదిగా రా" అన్నాడు. ఇడ్లీ డబ్బాలు నా జీపెక్కాయి. ఒంటరిగా పంపనని అమ్మ పట్టుబట్టడంతో చిన్నాయన కూడా ఎక్కాడు, తెల్ల పంచెతో.

పళవేర్కాడు దగ్గర సముద్రపొడ్డున కమాండర్ తన కొత్త బండిని ఫోటో కోసం నీటి అంచుదాకా పోనిచ్చాడు. అది అక్కడే దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రాలు తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి. పైగా సముద్రం పోటు మీదుంది. ట్రాక్టర్ కోసం ఊళ్ళోకి మనిషిని పంపాడు. "నేను లాగుతాను" అన్నాను.

"ఆడపిల్ల లాగిందంటే ఆఫీసులో తలెత్తుకోగలనా?"

"ముందు బండిని తలెత్తనీండి, మీ సంగతి తర్వాత చూద్దాం."

తాడు తగిలించి, తెగితే ఎగిరి కొట్టకుండా దానిమీద పాత కంబళి వేసి, అందరినీ దూరం పొమ్మని మీట నొక్కాను. మోటారు మూలిగింది. కమాండర్ బండి కదల్లేదు. నా జీపే, ఇడ్లీలతో సహా, మెల్లగా దానివైపు జారుకుంటూ పోయింది. "కొత్త పెండ్లికూతురు మాదిరి పోతా ఉండాదే!" అన్నాడు చిన్నాయన. అందరూ పగలబడి నవ్వారు.

నా చెవులు భగ్గుమన్నాయి. జీపును వెనకనుంచి కట్టేయడానికి ఆ ఇసుకలో తుమ్మచెట్టు కూడా లేదు. స్టెప్నీ చక్రం విప్పి, జీపు వెనక నడుము లోతు గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను.

"చాల్లేమ్మా, ట్రాక్టర్ వస్తుంది" అన్నాడు కమాండర్.

"రానీండి. వచ్చేసరికి దానికి పనుండదు."

చిన్నాయన పంచె ఎగ్గట్టి, "ఏమయ్యా, మా పాప ఒకతే తవ్వతా ఉంటే నిలబడి నవ్వతారా? ఇట్లా రండి!" అని అరిచి, ఇడ్లీ డబ్బా మూతతో ఇసుక తోడసాగాడు. స్టెప్నీని నిలువునా పాతి, పట్టీతో జీపును దానికి కట్టాం. అప్పటికి నీళ్ళు కమాండర్ బండి తలుపును తాకుతున్నాయి.

ఈసారి నా జీపు వణికింది, కదల్లేదు. ఆ బండి చప్పుమని బురద వదిలి బయటికొచ్చింది. ఎవరూ నవ్వలేదు. కమాండర్ కళ్ళద్దాలు తీసి (కళ్ళు పాపం చిన్నవే), "థాంక్సండీ" అన్నాడు. 'అమ్మా' పోయి 'అండీ' వచ్చింది! నాకదే చాలు.

మొన్నటి వానల్లో పురసవాక్కంలో చీలమండ లోతు నీళ్ళు చూసి కారు వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేశాను. ఆనాడు స్టెప్నీ పాతిన ఆ పిల్లే పక్కనుంటే నన్ను దిగమని స్టీరింగ్ లాక్కునేది. నేనూ ఊరికే దిగేదాన్నా? కాసేపు పోట్లాడాకే ఇచ్చేదాన్ని.